నీళ్లలో చూపిస్తోంది

భీమవరంలో బస్టాండు వెనక, చెరుకురసం బండి పక్కన
నిలబడి ఉంది తెల్ల కారు.
ఎవరిదీ కాదట.
గంటకి నూట నలభై కడితే
ఆరు గంటలు నాదట.

తాళంచెవి లేదు.
ఫోన్లో బొమ్మ మీద వేలు పెడితే
లోపల ఎవరో "ఉన్నానండి" అన్నట్టు
టిక్కుమంది తలుపు.
దయామణి రెండడుగులు వెనక్కేసింది.
"ఏదీ, మళ్లీ నొక్కు" అంది. నొక్కాను.
మూడోసారి చెరుకురసం ఆయన కోసం నొక్కాను.

నాకు లైసెన్సు వచ్చి పదకొండేళ్లు.
ఆధార్ కార్డు మర్చిపోయిన రోజున చూపించడానికి తప్ప
దానికి పని తగల్లేదు.
చేతికి తెలిసిందల్లా లేసు సూదే.
ఒక వేలికి దారం చుట్టి, ఇంకో వేలితో లాగి,
లెక్క తప్పితే విప్పి
మళ్లీ మొదట్నుంచి.

సీటు ఎవరో పొడుగాయన కోసం వెనక్కి జరిగి ఉంది.
క్లచ్చు నా కాలికందదు.
అద్దంలో నేను లేను,
కారు పైకప్పు ఉంది, దానికెవరో అంటించిన బొట్టుబిళ్ల ఉంది.
తలుపు సందులో వేరుశనగ పొట్టు.
వెనకద్దం మీద చంటిపిల్ల మడమ అచ్చు.
రేడియో తిప్పితే
ఎవరో సగంలో వదిలేసి దిగిపోయిన వంకాయకూర.
సీటు ముందుకు లాక్కున్నాను
కటకటమని, అయిదు పళ్లు.

వీరవాసరం గేటు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది.
వెనక రొయ్యల మేత లారీ
ఊరంతా వినేలా నా పేరు అడిగింది.
దయామణి కళ్లు మూసుకుని "ప్రభువా" అంది,
ఒక కన్ను కొంచెం తెరిచి,
"ఫస్టు గేరే కదా అది?"

ఆటోలో అయితే మా ఒళ్లో కూర్చునే మూటలు
ఇవాళ వెనక సీట్లో దర్జాగా ఉన్నాయి.
తొమ్మిది మంది అల్లిన దుప్పటి,
పువ్వు పువ్వుకీ చెయ్యి మారుతుంది.
బిగుతుగా ఉన్నది మరిడమ్మది.
వదులుగా, నవ్వుతున్నట్టున్నది ఎస్తేరుది.
కొన్నవాళ్లకి ఒకటే దుప్పటి.

మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కించాను.
చెమట ఎక్కించింది అనాలి, నేను కూర్చున్నానంతే.
మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు,
ఒక మేక, మధ్యలో మేము.
ఇంజిను ఆపేశాను. హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో లాగాను.
అప్పుడు మోగింది ఫోను.

"మేడమ్, హైదరాబాద్ నుంచి కౌశిక్‌ని.
మీ వాహనం నీళ్లలో చూపిస్తోంది."
"అవునండి, నీళ్లలోనే ఉంది."
అవతల కుర్చీ ఒకటి వెనక్కి జరిగిన చప్పుడు.
"ఇంజిన్ ఆఫ్‌లో ఉంది మేడమ్. కానీ కదులుతోంది."
"ఆయ్. పంటు కదులుతోందండి."
"పంటు అంటే?"

ఎలా చెప్పను? మా అమ్మ నన్ను ఎక్కించుకుని దాటిన రోజు నుంచీ
ఎవరూ అడగని మాట అది.
దయామణి ఫోను లాక్కుంది:
"మీ కారు లాంటిదే బాబూ.
టిక్కెట్టు కొన్నంతసేపు అందరిదీ."

"జాగ్రత్త మేడమ్" అన్నాడు, పెట్టేశాడు.
పదిహేనేళ్లుగా దాటుతున్నాను ఈ రేవు.
వరద రోజుల్లో దాటాను, నెలలు నిండి దాటాను.
చేరావా అని ఫోను చేసినవాళ్లు లేరు.
వాడడిగింది కారు గురించేనని తెలుసు.
అయినా వసిష్ఠ మధ్యలో
కాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఏడు నిమిషాలు ఆలస్యం.
అరవై రూపాయలు జరిమానా.
ఫోన్లో మేం తిరిగిన దారి గీసి ఉంది,
నేల మీద వంకర టింకరగా,
నీలం మీద మాత్రం తిన్నగా, నేను నడపనంత మేరా.

సీటు మళ్లీ వెనక్కి జరుపుదామనుకున్నాను.
ఈలోపే వచ్చేశాడు తర్వాతి మనిషి,
తాటిచెట్టంత కుర్రాడు.
వేలు పెట్టాడు. టిక్కుమంది.
ఎక్కాడు. మోకాళ్లు స్టీరింగుకి తగిలి
"ఎవరండీ బాబూ ఇంత ముందుకి..." అని
చుట్టూ చూశాడు.

మేమిద్దరం చెరుకురసం తాగుతున్నాం.
దయామణి ఇంకొంచెం అల్లం వెయ్యమంది.