తడిగుడ్డ

ఆటోనగర్ నాలుగో రోడ్డులో
ముప్పై ఏడేళ్లుగా రేడియేటర్లకు అతుకులేస్తున్నాను.
బందరు లారీ, ఏలూరు లారీ, కైకలూరు చేపల వ్యాను,
ఏది ఎక్కడ కారుతుందో వాసనతో చెప్పగలను.
నాది కారడం మొదలెట్టినప్పుడు మాత్రం
ఎవరికీ చెప్పలేదు.

రాత్రికి ఐదుసార్లు లేవడం.
గోడవైపు తిరిగి నిలబడితే
వాషరు పోయిన కుళాయిలా ఒక్కొక్క చుక్క.
షుగరేమో, అంది రహమతున్నీసా.
అవునన్నాను.
షుగరు పరువైన జబ్బు.

సూర్యారావుపేటలో డాక్టరు నిర్మలాజ్యోతి,
మా పెద్దదాని ఈడుది,
ప్రోస్టేటు అన్న మాటను
పచారీ కొట్లో పప్పు అడిగినంత మామూలుగా అనేసింది.
నేను నా చెప్పుల వంక చూశాను.
నిమ్మకాయంత గ్రంథిలో శనగగింజంత క్యాన్సరట.

కోసెయ్యమన్నాను.
కోస్తే పక్కనున్న నరాలు పోవచ్చంది.
ఇంకో దారుందంది. కొత్తది, పరీక్షల్లోనే ఉంది,
నయమవుతుందని రాసివ్వలేనంది.
చెవికందని చప్పుడును
భూతద్దంలో ఎండలా ఒక్క చోటికి తెస్తారట.
మందును కంటికానని కొవ్వు బుడగల్లో నింపి
చేతి నరంలోంచి వదులుతారట.
ఒళ్లంతా తిరుగుతాయట, ఎక్కడా నోరు విప్పవట,
చప్పుడు కాచిన చోటికి వచ్చాక
నలభై రెండు డిగ్రీలకు పగిలి
మందు అక్కడే ఒలికిపోతుందట.

మరి పక్కవాటికి సెగ తగలదా అన్నాను.
"లోపల చల్లనీళ్లు తిరిగే తొడుగు పెడతాం."

అప్పుడు తలెత్తాను.
తడిగుడ్డ!
ఇత్తడి గొట్టానికి అతుకేసేటప్పుడు
పక్క అతుకు కరిగి ఊడకుండా
తడిగుడ్డ చుట్టే కదా మంట పెడతాం.
సీసం కరగాలి, ఇత్తడికి తెలియకూడదు.
మా ఉస్తాద్ చెంపదెబ్బతో నేర్పిన పాఠం అది.
ఈ పిల్ల ఎంత చదివి అక్కడికొచ్చిందో!
సంతకం పెట్టేశాను.
కాగితం మీద మసి వేళ్లు పడ్డాయని నవ్వింది.

నడుం కింద మొద్దుబారింది.
చప్పుడుతో చేసిన వైద్యంలో
రెండు గంటలూ నాకు వినపడిందల్లా ఏసీ,
కింద రోడ్డు మీద ఒక లారీ.
ఫ్యాను బెల్టు వదులైందిరా, చూసుకో,
అని చెబుదామంటే నోటికి మాస్కు.

వరండాలో అవనిగడ్డాయన,
మామూలు కీమో, తల నున్నగా,
అన్నం గిన్నె అలాగే మూతపెట్టి ఉంది.
"నీదానికి చోటు తెలిసింది" అన్నాడు.
దానికి ఏమనాలో
ఇప్పటికీ దొరకలేదు.

వారం రోజులు గొట్టం, సంచి.
సంచి కడుగుతూ రహమతున్నీసా
ఒక్కమాటే అంది: షుగరుకి పైపు పెడతారా?
ఆ పూట కూరలో ఉప్పు వెయ్యలేదు.

మూడు నెలలయింది.
ఇవాళ పరీక్షకు రక్తమిచ్చి
నేరుగా షాపుకొచ్చాను.
అతికిన రేడియేటర్ని తొట్లో ముంచాను,
జోజిబాబు గాలి కొట్టాడు.
బుడగ లేచిందా, ఇంకా చిల్లున్నట్టు.
"వచ్చిందా చాచా?"

ఆగరా.
ముంచినప్పటి నీళ్లు
ఇంకా ఊగుతున్నాయి.