కిష్ట స్టేజీ

మేడం మంగళారమే వస్తది.
మిగతా దినాలు ఈ అద్దం, ఈ బొమ్మల అట్టలు,
నాలుక నొక్కే పుల్లలు, నేను.

"ఇదేంది?" గ్లాసు బొమ్మ చూపిస్త.
కుర్మయ్య సారు నోరు తెరుస్తడు.
గాలి వస్తది, నీళ్లు రావు.
ఎడమ చేత్తో గదువ తుడుచుకొని
తలకాయ అవతలికి తిప్పుకుంటడు.

ఇరవై ఆరేండ్లు పాలమూరు డిపోల కండక్టరు.
ఇయ్యాల అట్టలు పక్కకు పెట్టి
బల్ల మీద పెన్నుతో టక్ టక్ కొట్టిన,
టికెట్ల పంచ్ కడ్డీకి కొట్టినట్టు.
"దేవరకద్ర... మరికల్... జక్లేర్... మక్తల్..."
లోపల ఎక్కడ్నో బస్సు కదిలింది.

గోడకు ఒరిగిన ఆమె
కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
నాలుగు నెలల్నుంచి
తన పేరు కోసం కూసున్న మనిషి.

"కిష్ట..." అన్నడు.
రాయచూరు రాకముందే పెన్ను ఆపిన.
ఆమె దిక్కు చెయ్యి చూపిన.
"కిష్ట..."
పెదవులు రెండూ కలిసినయి,
అద్దంల నేను నేర్పిన తీరు.
విడిపోలే.

రిజిస్టర్ల రాయాలె: సరి, లేకుంటె తప్పు.
"మ్మ" కాడ ఆగినదానికి గడి లేదు.
ఖాళీగ వదిలిన.

వరండాల ఆమె అడిగింది:
"రేపు గూడ అదే బస్సు ఎక్కిస్తవా, బిడ్డా?"