పంటు రాని రోజు

తెల్లకాగితాలు పంచాను,
ఈ ఏడు ఏం సాధిస్తారో రాయమన్నాను.

జోనల్స్ గెలుస్తాం అని తొమ్మండుగురు రాశారు,
ఒకడి కాగితంలోంచి ఇంకొకడు, తప్పుతో సహా.
సువర్ణరాజు పది గోల్స్ అన్నాడు,
కొట్టేసి పన్నెండు చేశాడు.
లోవరాజుది మాత్రం ఒక్కటే ముక్క:
"పంటు తప్పిపోకుండా రావాలండి."

లంకలోంచి వస్తాడు వాడు.
చీకటితో లేచి రొయ్యల చెరువులో మేత చల్లి
చేతుల్ని ఆ వాసన వదలకముందే
గోల్ ముందు నిలబడతాడు.
ఆ వల కూడా వాళ్ల నాన్నదే,
చిరిగితే మాకిచ్చాడు.
బంతి గట్టిగా తగిలితే ఇప్పటికీ
ఎండిన పొలుసు ఒకటో రెండో రాలతాయి.

నేనూ ఒక కాగితం రాసుకున్నాను, చూపించలేదు.
బంతి కాలవలో పడితే తన్నినవాడే దూకాలి.
ఓడిన రోజు కూడా వ్యాన్‌లో
కిటికీ సీటు కోసం కొట్టుకోవాలి, ఎప్పట్లాగే.
పక్కవాడు ఖాళీగా ఉంటే బంతి వాడికివ్వాలి
(ఇది ఎవరికో వాడికి తెలుసు).

నిన్న ఏరు ఎర్రగా పొంగింది. పంటు ఆపేశారు.
పదిమందితోనే మొదలెట్టాం.
గంట గడిచినా ఎవరూ అటు కొట్టలేదు.
చివరికి బంతి సువర్ణరాజు కాళ్ల దగ్గరికొచ్చింది.
ఎదురుగా ఖాళీ వల, గాలికి ఊగుతూ.
వాడు అరికాలితో బంతిని తొక్కిపట్టి
గట్టువైపు చూశాడు, తర్వాత నావైపు.

"ఎవడూ లేనప్పుడు కొడితే
అదీ లెక్కేనా మాస్టారూ?"

విజిల్ నా నోట్లోనే ఉంది.
ఊదలేదు.