నాలుగో గడి

దరఖాస్తులో నాలుగో గడి: స్థానం.
పదకొండు పేర్లకి టకటకా నింపేశాను.
ఎడం కార్నర్ వనుమయ్య, కుడి కార్నర్ ఇజ్రాయేలు,
కూతకి గంగరాజు.
వాడు తొడ చరిస్తే చూడ్డానికే సగం ఊరొస్తుంది,
ఒప్పుకోవాలి.

పన్నెండో పేరు దగ్గర కలం ఆగింది.
పెమ్మాడి ఏడుకొండలు.

కోటిపల్లి రేవులో తొలి పంటు ఇంకా కదల్లేదు.
రెండు మోటారు సైకిళ్ళు, ఓ పాల క్యాను,
పీచు మోపు మీద కూర్చుని
ఫోన్లో అమెరికా ఫుట్‌బాల్ చూస్తున్న కుర్రాడు.
కాకినాడలో రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తున్నాట్ట.
పేరుకి ఫుట్‌బాలే గానీ కాలికి పని తక్కువ.
బంతి చూస్తే ఒలిచిన కొబ్బరికాయ.
దానికోసం తలలకి బిందెలు బోర్లించుకుని
పొట్టేళ్ళలా ఢీకొంటున్నారు మనుషులు.

"అదిగో, ఆ లావుపాటాయన్ని చూడండి మాస్టారూ,
పోయినాదివారం ఎడంపక్క కాశాడు, ఇయ్యాల కుడిపక్క.
నడిమోడికి దెబ్బ తగిల్తే అక్కడికీ ఈయనేనండి.
ఎక్కడ పెడితే అక్కడ. ఆయ్."
"మరి డబ్బులో?"
"డబ్బులు బంతి పట్టుకున్నోళ్ళకండి.
ఈయనకి ఉద్యోగం ఉంటది, అంతే."

ఉద్యోగం ఉంటది, అంతే.
పంటు అడుగున గోదారి
ఆ మాటనే కాసేపు చప్పరించింది.

ఎడం మూల నుంచి కుడి మూలకి పది మీటర్లే.
చెప్పులు తారుమారుగా తొడుక్కుని
ఆ పది మీటర్లూ పరిగెత్తి చూడండి.
చీలమండ అందుకునే చెయ్యి మారుతుంది,
బరువు మోసే మడమ మారుతుంది,
ముందు ఏ భుజాన్ని అనుమానించాలో
అదీ మారుతుంది.

మొదటి ఏడాది వాడు మాకు నీళ్ళు మోశాడు.
వనుమయ్య వేలు విరిగిన రోజు ఓ మూల నిలబడ్డాడు,
ఇజ్రాయేలు పెళ్ళి రోజు ఇంకో మూల.
కవర్ వాడికి జ్వరం, సెంటర్ వాడికి సప్లిమెంటరీ,
ఇలా జనం జబ్బుల వెంటా శుభకార్యాల వెంటా
కోర్టంతా చుట్టేశాడు.

స్టాఫ్ రూములో నేను దాన్ని బహుముఖ ప్రజ్ఞ అన్నాను.
వాళ్ళమ్మ ఆదెమ్మ విని నవ్వింది.
"ప్రజ్ఞేంటి బాబూ,
రొయ్యల చెరువు ఎండగడితే ఇటికబట్టీకెళ్తాడు,
బట్టీ తడిస్తే నావెక్కుతాడు,
వరదకి నావ కట్టేస్తే కొబ్బరి ఒలుస్తాడు.
ఒక్క పనే వచ్చినోడైతే
ఏడాదిలో మూణ్ణెల్లే తింటాం."

నష్టం కూడా నాకు తెలుసు.
ఏ మూలా వాడిది కాదు.
వేలు అతుక్కుని వనుమయ్య తిరిగొచ్చిన రోజు
అడక్కుండానే పక్కకి జరిగాడు,
ప్యాసింజర్లో సీటు వదిలినట్టు.
పేపర్లో ఫొటో పడినప్పుడు
గంగరాజు మోచెయ్యి వెనక కనిపించే
సగం చెవి వాడిదే.

నిరుడు మలికిపురంలో
ఏడుగురం నలుగురమైపోయాం.
నలుగురైతే కార్నర్ లేదు, కవర్ లేదు,
కోర్టు నిండా చిల్లులే.
ఏ చిల్లు దగ్గర ఎలా నిలబడాలో
వాడొక్కడికే తెలుసు.
రెండు పాయింట్లతో ఓడాం.
పదిహేనుతో ఓడాల్సింది.
మధ్యలో ఆ పదమూడుకి
ఎవరూ కప్పు ఇవ్వరు.

నడిగోదార్లోంచి ఫోన్ చేశాను.
"స్థానం ఏం రాయమంటావురా?"
వెనక ఏరేటర్ల హోరు. చెరువు మీదున్నట్టున్నాడు.
"ఏది ఖాళీగా ఉంటే అది రాసెయ్యండి మాస్టారూ."

ఏదీ ఖాళీగా లేదు.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టి
కొత్తది తీశాను.
మొదటి వరసలో వాడి పేరు రాసి,
వయసు, బరువు రాసి,
నాలుగో గడి దగ్గర మళ్ళీ ఆగాను.
పంటు ముక్తేశ్వరం రేవుకి తగిలి ఊగింది.
కలం జారి
ఈ మూల నుంచి ఆ మూలకి
గడికి అడ్డంగా గీత పడింది.

దిద్దలేదు.