గుండు చెట్టు

కడియపులంక నర్సరీలో
కవర్లకి మట్టి కూరి కూరి నా గోళ్ళు అరిగిన ఏడు,
అమ్ముడుపోని మొక్కొకటి
ఎరువు బస్తా వెనక నలిగి కనబడింది.
చీటీ మీది పేరు వానకి కడుక్కుపోయింది.
"సరుగుడు జాతేదో, తీసుకుపో పల్లాలూ" అన్నాడు మేస్త్రి,
ఆ వారం కూలిలో ఇరవై కోసుకుని.

మా దొడ్డి పల్లం.
కాలవ నిండితే బోరింగు చుట్టూ చీలమండ లోతు నీళ్ళు.
మునగ కుళ్ళింది, జామ కుళ్ళింది,
కరివేపాకు మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ కుళ్ళింది.
ఇది మాత్రం ఆ బురదలోనే
గేదెలా సుఖంగా నిలబడింది.

ముట్టుకుంటే ఆకులా ఉండదు.
గుడ్డులోంచి అప్పుడే దిగిన కోడిపిల్ల వీపు.

నాలుగో ఏడు, పుష్యమాసం.
జాజు కలిపి పోసినట్టు చెట్టంతా ఎర్రబడి
రెమ్మలకి రెమ్మలే రాలాయి
బిందెలో, కల్లాపి మీద, ఎండేసిన ఒడియాల మీద.
పక్కింటి తాతబ్బాయి గోడ మీంచి చూసి
"చచ్చింది. కొట్టెయ్. పొయ్యిలోకన్నా వస్తది"
అని గొడ్డలి అందించాడు.
పుచ్చుకున్నాను, కాదనలేదు.
వేటు వేసేముందు ఎందుకో
బొటనగోటితో బెరడు గీకాను.

లోపల పచ్చి.
వాన్లో తడిసిన వరిదుబ్బు మొదట్లో ఉంటుందే, ఆ పచ్చి.

ఆ సాయంత్రం గొడ్డలితో కొబ్బరిమట్టలు కొట్టుకున్నాను.

వాడపల్లిలో గుండు చేయించుకొచ్చిన మనవరాలు
నెత్తిన గంధంతోనే దొడ్లోకి పరిగెత్తి
"అమ్మమ్మా, దీనికీ గుండే!
ఈ మొక్క ఏం మొక్కుకుందే?" అంది.
ఏమో, నాకు చెప్పలేదన్నాను.
ఫాల్గుణంలో ఇద్దరికీ
ఒకే వారం జుట్టు మొలిచింది.

ఇప్పుడది డాబాలు దాటింది.
కరెంటోళ్ళు ఏటా వచ్చి ఓ పక్క నరికిపోతారు.
నేల్లోంచి మోకాళ్ళు లేచాయి, ఒకటి కాదు, పదకొండు.
చాకిరేవు బండ ఒరిగింది.
నా మోకాళ్ళు వంగవు గనక
దాని మోకాలి మీద కూర్చుని అంట్లు తోముతాను.
కాలవ కట్టేసిన నెలంతా
ఆ నీళ్ళే దానికి.

తాతబ్బాయి ఏటా అడిగేవాడు,
ఈసారి నిజంగానే పోయిందేమోనని.
మొన్న గోడ చుట్టూ తిరిగి తనే వచ్చాడు,
గోటితో గీకాడు, వేలు వాసన చూసుకున్నాడు,
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

గొడ్డలి ఇంకా మా ఇంట్లోనే ఉంది.