నాలుగో స్టిక్కరు

కంపెనీ పెరిగినప్పుడల్లా
నాకో బ్లేడు, సబ్బుసీసా, స్టిక్కర్ల కట్ట పంపుతారు.
పాత పేరు గీకాలి, కొత్త పేరు అంటించాలి.
ముల్లు మాత్రం అదే,
గాజు వెనక అదే సున్నా దగ్గర
ఒళ్లు విరుచుకుంటూ.

మొదట్లో అది ఎక్కడో మంచుదేశంలో
బాయిలర్లకు డయళ్లు చేసే రేకుల షెడ్డట.
ఇద్దరన్నదమ్ములు, ఓ లేతు మిషను.
అప్పటికి మా పాలకొల్లులో
దొరబ్బాయి గారి కొట్టుంది,
రైసుమిల్లుల ఆవిరి గేజీలు బాగుచేసే
అయిదడుగుల ఇరుకు.
గేజీని చెవి దగ్గర తట్టి
"దీనికి జలుబు చేసిందే పిల్లా" అనేవాడు.
గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం
తడుముకోకుండా అప్పజెప్పాకే
నా చేతికి స్క్రూడ్రైవరిచ్చాడు.

గ్యాసు పడిందన్న ఏడు
నీలం సూటుకేసుతో ఒకే ఒక్క మనిషి దిగాడు.
రాజోలు లాడ్జిలో నల్లులకు జడిసి
రాత్రంతా కుర్చీలోనే కూర్చున్నాడట.
ఆ సూటుకేసే మా మొదటి బ్రాంచి.

ఆనక బావుల తలల మీద పీడనం,
గొట్టాల్లో ప్రవాహం,
లాకుల దగ్గర నీటిమట్టం,
రొయ్యల చెరువుల్లో ప్రాణవాయువు.
కొలవడానికి వీలున్న చోటల్లా
మా తీగ ఒకటి దిగింది.
మీటర్ల వాళ్లని వీళ్లు కొన్నారు,
తూకాల వాళ్లు వీళ్లని కొన్నారు,
చివరికి ఎవరు ఎవర్ని మింగారో
అకౌంట్సు అప్పలనర్సుకే తెలీదు.
నలభై దేశాలు. నాలుగు స్టిక్కర్లు.

నిజం చెప్పొద్దూ,
ఎండకి ఓర్వలేక కొన్నిచోట్ల గీకకుండానే అంటించేశాను.
ఒక శ్రావణంలో, లాకు గేజీ మీద,
తడికి నాలుగూ ఒక్కసారే లేచాయి.
ఏటిగట్టు కోసుకుపోయినప్పుడు కనబడతాయే,
ఈ వరదది ఎర్రమట్టి, ఆ వరదది బూడిద ఇసక,
అలాగ.
లంకలూ ఇలాగే పెరుగుతాయి మరి,
ఎగువనెక్కడో ఎవరిదో చేను కోసుకుని.

మా సర్టిఫికెట్టంటే నాకిష్టం.
ఏ అంకె వేసినా పక్కనే అనిశ్చితి రాయాలి,
ఇంత అటో, ఇంత ఇటో.
దేవుడి లెక్కల్లోనూ లేని మర్యాద అది.
మొన్న మీటింగులో తెర మీద వేశారు:
ఈ ఏటి వృద్ధి, పద్దెనిమిది పాయింటు మూడు.
పక్కన ఏమీ లేదు.
చెయ్యెత్తాను:
"ఈ అంకెని ఎవరు కాలిబ్రేట్ చేశారండీ?"
నవ్వారు. నేనూ నవ్వాను.
సీరియల్ నంబరు అడగలేదింక.

తెల్లారగట్ల మూడింటికి
కాట్రేనికోన నుంచి ఏసురత్నం ఫోను.
"అమ్మా, మీ డబ్బా ఆక్సిజను నాలుగంటంది,
రొయ్యలేమో పైకొచ్చి తేలతన్నాయి.
ఎవర్ని నమ్మమంటారు?"
"ముందు ఫ్యాన్లు వెయ్యి. నేనొస్తున్నా."

అమలాపురం దాటాక మొహాన ఉప్పుగాలి.
సెన్సారు పైకి లాగితే
దాని కంటి మీద దట్టంగా పాచి.
చున్నీ అంచుతో తుడిచి మళ్లీ దించాను.
ఒకటి పాయింటు ఒకటి.
ఏసురత్నం అంకె చూడలేదు,
నా మొహం చదివాడు.
పరిగెత్తి నాలుగో ఫ్యాను కూడా వేశాడు.

వెలుగొచ్చాక చూశాను.
డబ్బా మీద మా స్టిక్కరు సగం ఊడింది,
ఊడినచోట ఎర్ర పెయింటుతో అతని రాత:
మూడో చెరువు.

అయిదో కట్ట కొరియర్లో వేశామని మెసేజి.
బ్లేడు సంచిలోనే ఉంది.
తియ్యలేదు.