ఒక్క గీత

మద్దిలపాలెం జెరాక్సు షాపులో
గంటకి ముప్ఫై రూపాయల కంప్యూటరు ముందు
ఆంత్రోపాలజీ ఎమ్మే దరఖాస్తు.
మొదటి పేజీ నాలుగు నిమిషాల్లో అయిపోయింది:
పేరు, పుట్టిన తేదీ,
బీయస్సీ కెమిస్ట్రీ, అరవై ఒక్క శాతం.

రెండో పేజీలో ఒకటే ప్రశ్న.
ఈ కోర్సు ఎందుకు?

"చిన్నప్పట్నించీ అని మొదలెట్టు," అంది తనూజ.
"మీ అమ్మమ్మ కథలు చెప్పేదని రాయి."
మా అమ్మమ్మ నాకు కథలు చెప్పలేదు.
గాజువాకలో టిఫిను బండి ఆవిడది.
పిండి రుబ్బుతూ నాచేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది,
లెక్క తప్పితే చిల్లర తప్పుతుందని.

అయినా రాశాను. చిన్నప్పట్నించీ...
బాగానే వచ్చింది,
అచ్చం ఇంకెవరో రాసినట్టు.

పరవాడలో రెండేళ్లు ల్యాబులో చేశాను.
అక్కడ రబ్బరు ఉండదు, వైట్నరు ఉండదు.
అంకె తప్పుపడితే దానిమీద ఒక్క గీత.
కింద ఉన్నది కనబడాలి.
పక్కన సంతకం, తేదీ.
నైట్ డ్యూటీలో కళ్లు మూతలు పడుతున్నా
చెయ్యి ఆ గీతని సన్నగానే గీసేది.

ఒక మార్చి నెల, ఫిషింగ్ హార్బరులో
నీళ్ల శాంపిలు తీస్తున్నాను.
వల బాగుచేసుకుంటున్న నూకాలు
తలెత్తకుండానే అంది:
"ఈయేల నీరు అలిగుంది పాపా. రేపు రా."
పీహెచ్ ఎనిమిది పాయింటు ఒకటి.
నిన్నా అంతే. మొన్నా అంతే.
రిమార్కుల గడిలో రాశాను: అలిగిన నీరు.
పట్నాయక్ సారు దానిమీద ఒక్క గీత గీసి
సంతకం పెట్టారు, తేదీ వేశారు.
ఆయన తప్పేం లేదు.
ఆ గడి దానికోసం కాదు.

మర్నాడు సీసా లేకుండా వెళ్లాను.
నీరు ఎలా ఉందని అడిగాను.
"సదువుకున్నదానివి, నన్నడుగుతావేటి?"
నవ్వింది. చెప్పలేదు.

ఇంతే నా దగ్గరున్నది.
మీ సబ్జెక్టులో ఒక్క పుస్తకమూ పూర్తి చెయ్యలేదు.
కెమిస్ట్రీ మీద విసుగుతోనూ రావడం లేదు.
ఇప్పటికీ టైట్రేషనులో
ఆఖరి చుక్కకి రంగు తిరిగితే
ఊపిరి బిగబడుతుంది నాకు.
ఫీజుకని ఆర్నెల్ల జీతం దాచాను.
ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు.

"ఇదంతా రాస్తే ఇంటర్వ్యూకి కూడా పిలవరే!"
నిజమే కావచ్చు.

ప్రింటు తీయించి, షాపతని పెన్ను అడిగి
'చిన్నప్పట్నించీ' మీద ఒక్క గీత గీశాను
కింది అక్షరాలు కనబడేలా.
పక్కన సంతకం, తేదీ.
"కొట్టివేత లేకుండా ఇంకోటి తీసిస్తాను మేడం,
రెండ్రూపాయలే," అన్నాడతను.
వద్దన్నాను.
అడుగున మిగిలిన జాగాలో
చేత్తో మొదలుపెట్టాను:

మార్చి నెల. ఫిషింగ్ హార్బరు.
పీహెచ్ ఎనిమిది పాయింటు ఒకటి.